రిజెక్టమ్మ

ఆవిడకు రిజెక్టమ్మ అని పేరు పెట్టింది నేనే. నేను పెట్టానని ఆవిడకు తెలుసట. తెలిసీ ఇన్నేళ్ళూ ఊరుకుందట. ఆ సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది.

ఆవిడ మా ఆసుపత్రి నేలమాళిగలో ఉన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. నేను నాలుగో అంతస్తులో రక్త క్యాన్సర్ వార్డు నర్సుని. మా ఇద్దరికీ మధ్య ఐదు వరసల మెట్లు, ఒక ఫోను, ఒక గాలి గొట్టం ఉన్నాయి. గాలి గొట్టమంటే వార్డు గోడలోంచి ల్యాబ్ దాకా వేసిన లావుపాటి పైపు. రక్తం తీసిన సీసాని డబ్బాలో పెట్టి అందులో పడేస్తే, లోపలి గాలి దాన్ని లాక్కుపోయి నిమిషంలో కింద పడేస్తుంది. అలా పడేసిన ఐదు నిమిషాలకు ఫోను మోగేది.

"మళ్ళీ తీయండి."

అంతే. హలో లేదు, బాగున్నావా లేదు. రక్తం చాల్లేదనో, గడ్డకట్టిందనో, ఎర్రకణాలు చితికి సీసాలో పైకి తేలే పైనీరు ఎర్రబడిందనో, చీటీ మీద టైము వేయలేదనో ఏదో ఒక వంక. సూది గుచ్చేది నేను, చివాట్లు తినేది నేను, "ఇందాకే కదమ్మా తీశావు, రక్తం తాగుతున్నావా ఏంటి?" అని పేషెంట్ల చేత అనిపించుకునేదీ నేనే. ఒళ్ళు మండి పేరు పెట్టాను. వారం తిరక్కుండా ఆసుపత్రంతా పాకింది.

మనిషి సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. ల్యాబ్‌లో ఏసీ చలికి ఏడాది పొడుగునా బూడిదరంగు స్వెట్టరు వేసుకుంటుంది. ఇరవై రెండో ఏట ఆ నేలమాళిగలోకి దిగింది, ఇప్పుడు యాభై దాటింది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరో అడిగితే, "చూడ్డానికొచ్చినవాళ్ళందరూ రిజెక్టయ్యారు" అందట నవ్వకుండా. తమ్ముడి కుటుంబంతో ఉంటుంది. ఆ తమ్ముడి భార్య ఒకసారి మా వార్డుకి ఎవరినో చూడ్డానికొచ్చి, నా దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. "మా వదినగారితో వేగలేమమ్మా. పాల ప్యాకెట్టు వాసన చూసి వెనక్కి పంపిస్తారు, వంకాయలు వెలుగులో పట్టుకుని చూసి వెనక్కి పంపిస్తారు. మా పిల్లదాని లెక్కల హోంవర్కు కూడా రెండుసార్లు చేయిస్తారు!" నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బాధపడేది నేనొక్కదాన్నే కాదన్నమాట.

ఇన్నేళ్ళలో ఆవిడ మా వార్డులో అడుగుపెట్టగా చూడలేదు. ఏ వార్డులోనూ చూడలేదు. పేషెంటు మొహం చూడకుండా ముప్పై ఏళ్ళు రక్తం చూసిన మనిషి అని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు డ్రైవరు గారి గురించి చెప్పాలి.

డ్రైవరు గారు ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి, రిటైరైన రెండో ఏడు మా వార్డులో చేరారు. మనిషి రక్తంలో తెల్లకణాలు పదకొండు వేలు దాటకూడదు. ఆయనకు రెండు లక్షల ఎనభై వేలు. రెండు రకాల మందులు అప్పటికే వాడారు, రెండూ చేతులెత్తేశాయి. మూడోది ఒక బిళ్ళ. పెసరగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. దాన్ని చేతిలో పెట్టుకుని డాక్టరు గారు ఆయనకూ ఆయన భార్యకూ నెమ్మదిగా విడమరిచి చెప్పారు.

"మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక ఆయుష్షుంటుందండీ. పనైపోయాక తనంతట తనే చచ్చిపోవాలి. మీ జబ్బు కణాల్లో ఒక ప్రోటీను ఉంది, అది ఆ చావుకి అడ్డం పడుతోంది. అందుకే అవి చావవు, పోగవుతూనే ఉంటాయి. ఈ మందు వెళ్ళి సరిగ్గా ఆ ప్రోటీనుకే అతుక్కుని దాని నోరు నొక్కేస్తుంది. ఇక కణం తన చావు తను చస్తుంది."

డ్రైవరు గారు ఆ బిళ్ళని ఒంగి చూశారు. "అంటే, దిగాల్సిన స్టాపు వచ్చినా దిగని ప్యాసింజర్లన్నమాట. కండక్టరు నోరు కట్టేశారు, ఇప్పుడు ఈ బిళ్ళ వెళ్ళి విజిలేస్తుంది."

"భలే చెప్పారు. కానీ మీ బస్సులో జనం మరీ ఎక్కువ. అందరూ ఒక్కసారే దిగితే?"

"ఫుట్‌బోర్డు దగ్గర తొక్కిసలాటే," అన్నారాయన. నవ్వు ఆగిపోయింది.

నిజం అదే. లక్షల కణాలు ఒక్కపెట్టున పగిలితే వాటి లోపలున్న పొటాషియం, ఫాస్ఫేటు, ఇంకా నానా చెత్తా రక్తంలోకి వచ్చి పడతాయి. మూత్రపిండాలు మూసుకుపోతాయి. పొటాషియం ఐదు దాటితే కంగారు, ఏడుకొస్తే గుండె ఏ నిమిషాన్నయినా ఆగిపోవచ్చు. మందు పనిచేయకపోతే మనిషి పోతాడు, మరీ బాగా పనిచేసినా పోతాడు. ఆయన భార్య నన్ను వరండాలోకి లాగి అడిగింది, "ఇది కాకపోతే ఇంకోటి ఉందా సిస్టరమ్మా?" లేదని డాక్టరు గారు నాతో ముందే చెప్పారు. ఆవిడ మొహం చూడలేక చేతిలోని చార్టు తిరగేశాను. అది చూసి ఆవిడకు అర్థమైపోయింది.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకి, బిళ్ళ వేయకముందు చూడాల్సిన రక్తం తీసి గొట్టంలో పంపాను. ఫోను మోగింది. మళ్ళీ తీయండి అంటుందనుకున్నాను.

"పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది. మనిషి ఎలా ఉన్నాడు?"

ఆవిడ మనిషి గురించి అడగడం అదే మొదటిసారి.

"మంచం మీద కూర్చుని పక్క మంచమాయనకి గేర్లు మార్చడం నేర్పిస్తున్నారక్కా."

డాక్టరు గారు పరుగున వచ్చి ఈసీజీ తీశారు. గీతలన్నీ చక్కగా ఉన్నాయి. అయినా డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "ఇంత పొటాషియంతో బిళ్ళ ఎలా మొదలుపెడతాను? కుదరదు." డ్రైవరు గారి భార్య మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. అంతలో మళ్ళీ ఫోను.

"శాంపిల్ దేంట్లో పంపావు?"

"రోజూ పంపేదాంట్లోనే. గాలి గొట్టంలో."

"అదే అనుకున్నాను. పైనీరు తేటగా ఉంది, ఎర్రకణాలు చితకలేదు. కానీ ఇతనికి తెల్లకణాలు లెక్కకు మించి ఉన్నాయి. జబ్బు తెల్లకణాలు పెళుసుగా ఉంటాయమ్మాయ్, గొట్టంలో కుదుపులకే పగిలిపోతాయి. లోపలి పొటాషియం సీసాలోకి కక్కేస్తాయి. అవి చచ్చింది ఒంట్లో కాదు, సీసాలో. ఇంకా మందే వేయలేదు, ఒంట్లో ఎవరు చంపుతారు వాటిని? మళ్ళీ తీసి, కుదపకుండా చేత్తో పంపించు."

మళ్ళీ తీశాను. మా ఆయా పట్టుకెళ్ళింది. నాలుగు పాయింట్ నాలుగు వచ్చింది. పదిన్నరకి డ్రైవరు గారు బిళ్ళ మింగి, "రైట్ రైట్" అన్నారు. అందరం నవ్వాం. నేను ఒక అట్టముక్క మీద 'ఈ మంచం రక్తం గాలి గొట్టంలో వేయరాదు' అని రాసి తలవైపు తగిలించాను. రిజెక్టమ్మ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. దానితోపాటు కాస్త గర్వం కూడా వచ్చింది, నాకూ ఇప్పుడో రహస్యం తెలుసు కదా అని. ఆ గర్వమే నా కొంప ముంచింది.

ఆ రోజు గడియారం ముల్లు కదల్లేదు. సెలైను ఎడతెగకుండా ఎక్కుతోంది. పోసిన మూత్రం గంటగంటకీ కొలిచి రాస్తున్నాను. పన్నెండింటికి మూడు వందల మిల్లీలీటర్లు. రెండింటికి రెండు వందల యాభై. మూడున్నరకి నూట ఇరవై. అది నేనే రాశాను, నా చేత్తోనే. డ్రైవరు గారు జోకులు మానేసి పడుకున్నారు. నిన్న సరిగ్గా నిద్రలేదు, అలసిపోయారనుకున్నాను.

నాలుగున్నరకి రక్తం తీసి ఆయాని పిలిచాను. మా ఆయాకి మోకాళ్ళ నొప్పులు. మెట్లంటే ఆవిడకు యముడితో సమానం. లిఫ్టు చూస్తే స్ట్రెచర్లతో కిక్కిరిసి ఉంటుంది. ఏ పని చెప్పినా దగ్గరి దారి వెతుక్కుంటుందని ఆవిడ మీద నాకెప్పుడూ ఒక చిన్నచూపు. "చేత్తోనే తీసుకెళ్ళు, గొట్టంలో వేశావంటే ఊరుకోను," అన్నాను సీసా ఇస్తూ. ఆవిడ సీసా అందుకుని వెళ్ళింది.

ఐదు దాటాక వార్డు కంప్యూటర్లో మొదటి అంకె కనిపించింది. పొటాషియం ఆరు పాయింట్ ఏడు. యంత్రం ముందు పొటాషియం చూపిస్తుంది, మిగతా అంకెలకు ఇంకో పది నిమిషాలు పడుతుంది. నేను ఆగలేదు. అంకె చూడగానే నాకు మండిపోయింది. వేసేసింది, గొట్టంలో పడేసింది, మెట్లు దిగలేక! అనుకున్నాను. ఆయా ఇంకా పైకి రాలేదు. వచ్చాక కడిగేద్దామనుకున్నాను.

ఫోను మోగింది. డాక్టరు గారు. కింది అంతస్తులో ఎవరికో ఎముక మజ్జ తీస్తున్నారట. "పొటాషియం చూశావా?"

"చూశాను సార్. ఉదయం లాంటిదే. ఆయా గొట్టంలో వేసేసింది. నేను మళ్ళీ తీస్తున్నాను."

"ఖాయమేనా?"

"ఖాయం సార్."

నేను చూడలేదు. ఎవర్నీ అడగలేదు. ఆ రెండు మాటలూ అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎలా వచ్చాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు. "సరే, తీసి చేత్తో పంపు. అరగంటలో వస్తాను," అని ఆయన పెట్టేశారు.

డ్రైవరు గారి చెయ్యి పట్టుకున్నాను. నరం దొరకలేదు. ఒకసారి గుచ్చాను, రక్తం రాలేదు. రెండో చేతికి మార్చాను.

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి సిస్టరమ్మా. పెదాలు కూడా," అన్నారాయన మెల్లగా.

"సెలైను చల్లగా ఉంది కదండీ, అందుకే."

టేబుల్ మీద ఫోను మోగుతోంది. ల్యాబ్ నంబరు అక్కణ్ణుంచే కనిపిస్తోంది. మళ్ళీ తీయండి అని చెప్పడానికే అయ్యుంటుంది, అదే కదా నేను చేస్తున్నాను, అని తీయలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారి కూడా మోగింది. నేను మూడోసారి గుచ్చుతున్నాను.

వార్డు తలుపు దడాలుమని తెరుచుకుంది. బూడిదరంగు స్వెట్టరు. ఐదు వరసల మెట్లు పరిగెత్తుకొచ్చి, గోడ పట్టుకుని ఊపిరి అందక నిలబడి ఉంది రిజెక్టమ్మ.

"ఆపు. మళ్ళీ తీయక్కర్లేదు."

ఆ మాట ఆవిడ నోటి నుంచి వినాలని పదకొండేళ్ళు ఎదురుచూశాను. విన్నప్పుడు సూది ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"అది గొట్టంలో..."

"ఎవరు చెప్పారు? ఆయా నా చేతికిచ్చింది. పైట కొంగులో చుట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి తెచ్చి నా చేతికిచ్చింది. మోకాలు పట్టేసి కిందే కూలబడిపోయింది పాపం." చేతిలోని కాగితం నా ముందు పెట్టింది. "చూడు. ఫాస్ఫేటు రెట్టింపైంది. యూరిక్ ఆమ్లం పెరిగింది, క్రియాటినిన్ పెరిగింది. కాల్షియం పడిపోయింది. ఒక అంకె అబద్ధం చెబుతుందమ్మాయ్. ఇన్ని అంకెలు కూడబలుక్కుని చెప్పవు. కణాలు ఈయన ఒంట్లోనే పగులుతున్నాయి. ఈసీజీ పెట్టు. డాక్టర్ని పిలు. ఫోను ఎందుకు తీయవు నువ్వు?"

ఈసీజీ తీశాను. ఉదయం గుండ్రంగా ఉన్న అలలు ఇప్పుడు మొనదేలి నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఏమని ఫోన్లో అరిచానో నాకు గుర్తులేదు. డాక్టరు గారు చేతి తొడుగులతోనే పరిగెత్తుకొచ్చారు. గుండెకు కాపుగా కాల్షియం ఇంజెక్షను, పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికి గ్లూకోజుతో కలిపి ఇన్సులిను. తర్వాత డయాలసిస్ యంత్రం చక్రాల మీద దడదడమంటూ వచ్చింది. మధ్యలో ఒకసారి మానిటర్ మీద గీత సాగిపోయి, పది పన్నెండు సెకన్లు గుండె తడబడింది. డాక్టరు గారు "ఇంకో కాల్షియం!" అని అరిచారు. నా చేతిలో సిరంజి ఉంది, దాని మొన సెలైను గొట్టానికి రెండుసార్లు తప్పింది. పక్కనుంచి ఒక సన్నటి చెయ్యి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుని ఉండగానే ఇంజెక్షను ఇచ్చాను. గీత నెమ్మదిగా దారిలో పడింది.

రిజెక్టమ్మ ఆ రెండు గంటలూ మమ్మల్ని వదల్లేదు. ప్రతి అరగంటకీ తీసిన రక్తం తనే పట్టుకుని మెట్లు దిగింది, అంకెలు పట్టుకుని తనే మెట్లెక్కింది. ఆరు పాయింట్ నాలుగు. ఐదు పాయింట్ తొమ్మిది. ఐదు పాయింట్ రెండు. ఆ అంకె చెప్పి, డ్రైవరు గారి మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఎవరికీ చెప్పకుండా కిందికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం తెల్లకణాలు తొంభై వేలకు దిగాయి. మూత్రం బాగా వస్తోంది. "మందు పనిచేసింది. మనం అనుకున్నదానికంటే ఎక్కువ పనిచేసింది. మూత్రపిండాలు కోలుకోగానే మళ్ళీ మొదలుపెడదాం," అన్నారు డాక్టరు గారు. డ్రైవరు గారు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరుపుకుని, "సగం బస్సు ఖాళీ," అన్నారు నీరసంగా. ఆయన భార్య అప్పుడు ఏడ్చింది. ముందురోజంతా ఒక్క చుక్క రాల్చని మనిషి.

ఏడుపు ఆపుకుని నా దగ్గరికొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వే లేకపోతే ఈయన నాకు దక్కేవారు కాదు సిస్టరమ్మా. తలుపు అద్దంలోంచి చూశాను, ఈ చేతులతోనే గదా ఆ ఇంజెక్షను ఇచ్చావు."

నేనేమీ అనలేదు. నవ్వాను కూడా అనుకుంటాను. తర్వాత మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నేను ఖాయం అన్నప్పటి నుంచి రిజెక్టమ్మ తలుపు తోసేదాకా ఇరవై రెండు నిమిషాలు. అంకె వచ్చిన టైము కంప్యూటర్లో, ఈసీజీ తీసిన టైము కాగితం మీద ఉన్నాయి, నేను చూసుకున్నాను. ఆ ఇరవై రెండు నిమిషాలు ఆయనకు కాల్షియం లేదు, ఈసీజీ లేదు, నేను తప్ప పక్కన ఎవరూ లేరు. అదంతా ఆయా మెట్లు దిగి ఉండదని నేను అనుకున్నందుకు.

డ్యూటీ దిగి నేలమాళిగకు వెళ్ళాను. ఆవిడ ఒక సీసాని దీపానికి ఎత్తిపట్టి చూస్తోంది. నిన్నటిదంతా చెప్పాను. ఖాయం అన్న మాట దాకా చెప్పి ఇక చెప్పలేక ఏడ్చాను.

"ఏడవకు," అంది సీసా మీంచి చూపు తిప్పకుండా. "ఏడిస్తే నీకు తేలికవుతుంది. ఇంకెవరికీ ఏమీ ఒరగదు."

నాకు కోపం వచ్చింది. ఓదార్చమని అడగలేదు కదా అన్నాను.

సీసా పక్కన పెట్టి, స్టూలు నా వైపు తోసింది. తనూ కూర్చుంది. "నాకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. తాపీ మేస్త్రీ ఒకాయన, ముప్పై నాలుగేళ్ళవాడు. శాంపిల్ పైనీరు కాస్త ఎర్రగా ఉంది. చితికిన రక్తమది, వెనక్కి పంపాలి. పైనుంచి తొందర తొందర అని ఫోన్లు. రిపోర్టు పంపేశాను. పొటాషియం ఏడు పాయింట్ ఒకటి అని. అంత లేదు ఆయనకి. లేనిదాన్ని తగ్గించడానికి మందిచ్చారు, ఉన్నది కాస్తా పడిపోయింది. తెల్లారేసరికి గుండె ఆగిపోయింది. మిగిలిన రక్తం మర్నాడు చూసుకుని నేనే తెలుసుకున్నాను. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

ఆవిడ ఆ సీసాని మళ్ళీ దీపానికి ఎత్తి చూసి, దాని చోట పెట్టింది.

"ఆ డ్రైవరు భార్య నీతో ఏమన్నా అందా?" అని అడిగింది.

"నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేనే కాపాడానంది."

"ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

ఆవిడ తల ఊపింది. స్వెట్టరు చేతులు కిందికి లాక్కుంది. "ఆ మేస్త్రీ పెళ్ళాం శవాన్ని తీసుకెళ్ళేముందు దారి అడుగుతూ అడుగుతూ ఇక్కడిదాకా వచ్చింది. చంకలో పిల్లాడు. ఇదిగో, ఇప్పుడు నువ్వు కూర్చున్నచోటే నిలబడి, రిపోర్టు అంత తొందరగా ఇచ్చింది మీరేనటగా, మీ మేలు మర్చిపోనమ్మా అని నా చేతులు పట్టుకుంది. నేనూ ఊరుకున్నాను."

నేను లేచాను. ఆవిడ నన్ను ఆపలేదు. మెట్ల దగ్గర ఆయా మోకాలికి పట్టీ కట్టుకుని కూర్చుని ఉంది. ముందు ఆవిడతో మాట్లాడాను. నేను డాక్టరు గారితో ఏమన్నానో చెప్పాను. ఆవిడ చాలాసేపు నా వైపు చూడలేదు. తర్వాత లేపమన్నట్టు చెయ్యి చాపింది. ఇద్దరం ఒక్కో మెట్టూ ఎక్కి నాలుగో అంతస్తుకి, డ్రైవరు గారి భార్య దగ్గరికి వెళ్ళాం.